తలుపు వెనక చోటు

తలుపు తీసి బయటికి వస్తే వకుళకి వీధి కనిపించదు. నిన్నటిదాకా కార్లు ఆగే చోట పెద్ద కొండ అంచు, ఎక్కడో కింద సముద్రపు నురుగు, మొహాన కొట్టే చలిగాలి. ఐర్లండ్ వచ్చి ఏడాది కావస్తున్నా ఈ దేశం ఆమెకి ఇంకా తికమకగానే ఉంది, అందుకని ఇదీ ఇక్కడి పద్ధతేమోలే అనుకుంటుంది. కూతురు హిమజ, అల్లుడు, ఐదేళ్ళ మనవరాలు ఊర్వి అప్పుడే చాలా దూరం నడిచిపోయారు. సెలవు రోజు వస్తే ఇంతే. కొత్త దేశం, కొత్త చోట్లు చూసొద్దాం పదమ్మా అంటూ వాళ్ళు బయల్దేరతారు, ఈవిడ మాత్రం వాళ్ళు కారెక్కేదాకా తలుపు వెనకే నక్కి, స్టవ్ ఆపానో లేదో చూశానని అబద్ధమొకటి అల్లి, ఆఖరున వస్తుంది. మొగుడు పోయిన మనిషి బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదు మరి. అలా అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అనిపించుకునేదాకా ఎందుకని ఆవిడే తప్పుకుంటుంది.

వాళ్ళని అందుకుందామని వకుళ గబగబా నడుస్తుంది, ఎంత నడిచినా వాళ్ళ వీపులే తప్ప మొహాలు కనిపించవు, రాళ్ళగోడల మధ్య బాట నడుస్తూండగానే అమలాపురం దగ్గరి తన పుట్టినూరి పంటకాలవ గట్టయిపోతుంది, గట్టు మీద కొబ్బరిమట్టలు పడి ఉంటాయి, ఆ మట్టల మధ్య ఈ దేశపు గొర్రెలు తాపీగా మేస్తూ ఉంటాయి. వెనక ఎవరో వస్తున్నారు. ఆ కాళ్ళీడ్చే నడక ఎవరిదో తిరిగి చూడక్కర్లేకుండానే తెలుసు. తల్లి లేని తనని పెంచిన మేనత్త మాణిక్యం, చిన్నప్పుడే మొగుడు పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. ఆవిడా పోయి ఎన్నో ఏళ్ళయింది.

"అత్తా, ముందుకి రా. నా పక్కన నడు."

"వద్దులేవే. నేను వెనకాలుంటేనే నీకు మంచిది."

"పోయాక కూడా ఇదేంటత్తా?"

"అలవాటు ఎక్కడికి పోద్దే," అంటుంది అత్త. గొంతులో నవ్వుంది గానీ పక్కకి మాత్రం రాదు.

అడగాల్సింది ఒకటి ఉంది. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగింది, ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతుంది. "నన్ను అత్తారింటికి పంపిన రోజు నువ్వెందుకు కనపళ్ళేదు? ఇల్లంతా వెతికాను. కారు ఎదురుగా నిలబడి అందరూ తొందరపెడుతున్నా ఏడుస్తూ వెతికాను. మళ్ళీ వచ్చేసరికి నువ్వే లేవు."

"సామాన్ల గది తలుపు వెనకాలున్నాను. సందులోంచి చూశాలే. నీ కొంగు కనపడింది. మొహం కనపళ్ళేదు."

వకుళకి ఏడుపొస్తుంది. కోపమూ వస్తుంది, పెంచిన చేతులే కదా, ఒక్కసారి ఎదురొస్తే ఏం కొంప మునిగేది.

"నేను ఎదురు రాలేదు గాబట్టే నీ కాపురం చల్లగా సాగింది," అంటుంది అత్త, వెనకనుంచే.

"మరి ఆయన పోలేదా?"

వెనక కాళ్ళీడ్చే చప్పుడు ఆగిపోతుంది. బాట కూడా అయిపోయింది, గడ్డిలో గోడ లేని తలుపొకటి నిలబడి ఉంది, దాని వెనకనుంచి ముక్కిన కొబ్బరికాయల వాసన, చీకటి. ఎప్పుడు దాటి వెళ్ళిందో, అత్త గొంతు ఇప్పుడు అందులోంచి వినిపిస్తుంది.

"రావే. ఇద్దరికీ సరిపోద్ది."

చల్లటి చెయ్యొకటి వకుళ మణికట్టు పట్టుకుని లోపలికి లాగుతుంది. అది తనకి అన్నం కలిపి పెట్టిన చెయ్యి, విదిలించుకోవడానికి మనసొప్పదు. తలుపు సందులోంచి చూస్తే హిమజ వాళ్ళు కొండ అంచుకి వెళ్ళిపోతున్నారు, అంచు అవతల నేల లేదు, ఆ సంగతి ఈ సందులోంచి చూస్తున్న వకుళకి తప్ప వాళ్ళకి తెలియదు. పిలవాలని నోరు తెరుస్తుంది. అత్త అరచెయ్యి వచ్చి నోటికి అడ్డం పడుతుంది.

"బయల్దేరినోళ్ళని వెనక్కి పిలవకూడదమ్మా. తప్పు," అంటుంది అత్త, పసిపిల్లకి చెప్పినట్టు ఎంతో ప్రేమగా.

హిమజ అడుగెత్తుతుంది. వకుళ ఆ అరచేతిలోకి అరుస్తుంది, అరుపు బయటికి రాదు.

కళ్ళు తెరిచేసరికి పొద్దుటి వెలుతురు. అందరూ తయారయ్యేలోగా స్వెట్టర్ వేసుకుని సోఫాలో కూర్చుంది, ఎప్పుడు కునుకు పట్టిందో ఏమో. ఈ రోజు పడవెక్కి ఏదో దీవి చూడటానికి వెళ్ళాలన్నారు. వీధిలో కారు డిక్కీ వేసిన చప్పుడయింది. వకుళ లేచింది. కాళ్ళు వాటంతటవే వీధి తలుపు వెనక్కి నడిచాయి.

అక్కడ వేలాడుతున్న కోట్ల కింద ఊర్వి నిలబడి ఉంది. బూట్లు వేసుకుని, గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టుకుని.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"గట్టిగా మాట్లాడకు అమ్మమ్మా," అంది ఊర్వి గుసగుసగా. "అమ్మ ఇంకా కారెక్కలేదు. మనల్ని చూస్తే అమ్మకేమన్నా అవుద్దని నువ్వే చెప్పావుగా."

వకుళ పిల్లని చంకనెత్తుకుని, తలుపు బార్లా తీసి, మెట్లు దిగుతున్న కూతుర్ని దాటుకుని వెళ్ళి, వెనక్కి తిరిగి ఆమెకి ఎదురు నడిచింది.