మైల పడని చేతులు

మా అమ్మ కడచూపు నాకు దక్కకుండా చేసింది మీరే. నా మొగుడు గెడే, మా అత్త, మైల పేరు చెప్పి ఆడవాళ్ళ నోళ్ళు మూయించే ఊరిసభ పెద్దలు. విధి అనకండి.

కింతామణి రోడ్డు పక్కన, బాతుర్ అగ్నికొండ ఎదురుగా, లోయ అంచున మా అత్తింటివాళ్ళు అద్దాల కాఫీ హోటల్ కట్టారు. ప్రారంభ పూజకి కావలసిన ఆకు దొన్నెలన్నీ నేనే అల్లాను. లేత కొబ్బరాకు చీల్చి, కుట్టి, పూలు పేర్చేసరికి వేళ్ళు కోసుకుపోయాయి. అది పని కాదట. "దేవుడి సేవని పని అంటావేమే?" అంటుంది అత్త. లోయ వైపు కుర్చీలో కాసేపు కూలబడితే గెడే లేపేస్తాడు. "అవి వచ్చేవాళ్ళకి. నీకేం కొత్త, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కొండేగా."

అవును, చూస్తున్న కొండే. దాని కింద సరస్సు, సరస్సు ఒడ్డున గడ్డకట్టిన నల్ల లావా పక్కన మా పుట్టిల్లు. అక్కడ అమ్మ మంచం పట్టి ఉంది. చూసొస్తానంటే అత్త ఒకటే మాట. "నువ్వక్కడుండగా ఏదన్నా అయితే? మైల చేతులతో దొన్నెలు ముట్టుకుంటావా? ఈ మోకాళ్ళతో నన్ను కూర్చుని అల్లమంటావా?" పూజ అయ్యాక పోదువులే అన్నాడు గెడే. ఆగాను.

పూజ పొద్దున తలలో పూలు పెట్టుకుని, గట్టు మీద దొన్నె ఉంచి అగరొత్తి వెలిగిస్తున్నాను. సురబాయా నగరం నుంచి కొండ చూడ్డానికి వచ్చిన ఒకావిడ నా ఫోటో తీసుకుని, తన దుర్భిణి నా చేతికిచ్చింది. "చూడండక్కా, కింద ఏదో ఊరేగింపు. పండగా?"

చూశాను. ఒడ్డు వెంట చీమల బారులా జనం. ముందు తెల్లగుడ్డ కప్పిన పాడె.

"పండగ కాదమ్మా. ఎవరో పోయారు."

"అయ్యో పాపం," అందావిడ. పాపం, అన్నాను నేనూ. గెడే వెనకనుంచి వచ్చి దుర్భిణి తీసుకుని ఆవిడకిచ్చేశాడు. "పూజారి వచ్చే వేళైంది, పద."

మర్నాడు మా తమ్ముడి భార్య వచ్చి గుమ్మం బయటే నిలబడింది. మైలలో ఉన్న మనిషి లోపలికి రాదు. "కాఫీ కప్పులు అంత ముఖ్యమా వదినా? మీ అమ్మ పోయిందని నిన్న తెల్లారకముందే గెడే అన్నయ్యకి ఫోన్ చేశాం. నీ కోసం మట్టి వేయకుండా ఎంతసేపు ఆగామో."

గెడే మొహం కూడా తిప్పుకోలేదు. "వింటేనే మైల. నీ మంచికే చెప్పలేదు."

"నువ్వు విన్నావుగా. నీకంటలేదా?"

"నేను అల్లుణ్ణి. నాకేంటి?"

"పూజ చక్కగా జరిగింది. మీ అమ్మా సంతోషిస్తుందిలే," అంది అత్త.

ఇల్లు వదిలి పోదామంటే మా ఆచారంలో బిడ్డ తండ్రి ఇంటిది. నా కూతురు సారి ఇక్కడే ఉండిపోతుంది. సభలో అడుగుదామంటే అక్కడ ఇంటికో మగాడే కూర్చుంటాడు. నా గోడు చెప్పాల్సిన నోరు కూడా గెడేదే.

అయితే ఆ నోటితోనే చెప్పు గెడే. ఈసారి సభలో లేచి, పెళ్ళానికి దాని తల్లి పాడె ఎవరిదో తెలియనివ్వకుండా దేవుడికి దొన్నెలు పెట్టించానని చెప్పు. చావు కబురు ముందు కన్నబిడ్డకే చెప్పాలని కట్టుబాటు చేయించు. నాకిప్పుడు మైల. అది చేసేదాకా నా మైల తీరదు. ఆకుల గంప అదుగో. కూర్చుని అల్లు.