బ్రేకు బొమ్మ వీపు

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో మూడో అంతస్తు వాళ్ల పని, రిపేరు పుస్తకాల్లోకి బొమ్మలు ఎక్కించడం. పుస్తకాలంటే కాగితాలు కావు, మెకానిక్కులు ట్యాబ్‌లో తెరిచి చూసుకునే ఫైళ్లు. అందులోని బొమ్మని వేలితో అటూ ఇటూ తిప్పొచ్చు, మూత తీసి లోపలికి తొంగిచూడొచ్చు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రానికి అందరికీ మెడలు పట్టేసేవి.

ఆ బొమ్మలకు ఒక అలవాటుంది. తమని చేసిన మనిషి ఆ అంతస్తులో ఎటు వెళ్తే అటు మొహం తిప్పేవి. డ్రాయింగు మాస్టారు లేచారంటే చాలు, తెరిచి ఉన్న స్క్రీన్లలోని ఆయన గేర్లూ గిలకలూ మెల్లగా ఆయన వెంటే తిరిగేవి. "మాస్టారేరీ?" అని ఎవరైనా వస్తే, ఓ గేరు ఎటు చూస్తోందో గమనించి, "బాత్రూంలో ఉన్నారండీ, కూర్చోండి" అనేవాళ్లు. ఇందులో వింతేముంది? బొమ్మలకి ఆ మాత్రం విశ్వాసం ఉండదా!

అక్కడ అందరికంటే చిన్నదాన్ని బొమ్మలమ్మాయి అనేవాళ్లు. పని చకచకా తెముల్చుతుందని పేరు. ఆ పేరే కొంప ముంచింది. మోటారు బ్రేకు బొమ్మ అప్పగించాల్సిన రోజున ముందువైపు ముత్యంలా చేసింది గానీ, వెనకవైపు చెయ్యడానికి టైం చాల్లేదు. ఎవరు తిప్పి చూస్తారులే అనుకుంది. వేలితో తిప్పినా తిరక్కుండా బొమ్మకి లాక్ పెట్టేసి, 'అన్ని వైపులా సరిచూశాను' అన్నచోట సంతకం చేసి హాయిగా ఇంటికి వెళ్లిపోయింది.

స్ప్రింగు విప్పేముందు, అది ఎగరకుండా పెట్టాల్సిన పిన్ను ఉండేది ఆ వెనకవైపే.

కొన్నాళ్లకు ఒక మెకానిక్కు ఆ ఫైలు చూసుకుంటూ బ్రేకు విప్పాడు. స్ప్రింగు ఎగిరొచ్చి కుడి మణికట్టు విరిగింది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి. "బొమ్మ తిరగలేదు సార్" అన్నాడట. మేనేజరు నవ్వేసి, అజాగ్రత్త కింద ఉద్యోగం తీసేద్దామని రాశాడట.

అది విన్నప్పట్నుంచీ బొమ్మలమ్మాయికి అన్నం సయించలేదు. ఎవరైనా ఆ ఫైలు తెరుస్తారేమోనని సీట్లోంచి లేవడం తగ్గించేసింది. లాక్ వేళ్లకే గానీ, ఆమె నడిస్తే తిరిగే బొమ్మకి అడ్డమేం కాదు. సిగ్గుతో చచ్చిపోతున్నానని పక్కసీటు అక్కతో చెప్పాలనుకుని, "తలనొప్పిగా ఉందక్కా" అని ఊరుకుంది.

నెల తర్వాత విచారణ పెట్టారు. మీటింగు రూంలో టేబుల్ మీద స్క్రీను ఉంది. దానికి ఎదురుగా మేనేజరు, పైఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన, చేతికి కట్టుతో బాబాయ్. వాళ్ల పక్కనే బొమ్మలమ్మాయిని కూర్చోబెట్టారు. బ్రేకు బుద్ధిగా ఆమెకేసి చూస్తోంది.

"అన్ని వైపులా చూపించావు కదమ్మా?" అడిగాడు మేనేజరు.

ఆమె తలూపింది. ఊపుతూ ఉంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకేముంది! ఈయనకి తిప్పడం చేతకాలేదు, అంతే."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నిజమే సార్. ఆ అమ్మాయినేం అడక్కండి, పాపం. గ్రీజు పట్టిన మొద్దు వేళ్లు నావి. మా మనవరాలి ఫోన్‌లో రోజూ తిప్పడం నేర్చుకుంటున్నా, ఎడంచేత్తో. ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి."

బొమ్మలమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టి లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వెళ్లి స్క్రీను వెనకాల నిలబడింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మేనేజరు.

బ్రేకు కూడా ఆమె వైపు తిరిగింది. తిరిగి, వాళ్లందరికీ వీపు చూపించింది. ఆ వీపు మీద మరా లేదు, పిన్నూ లేదు. ఉత్త బూడిదరంగు.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. బాబాయ్‌ని తీసేస్తూ టైపు చేయించిన కాగితాన్ని అడ్డంగా చింపాడు. "ఈ ఫైలు మీద సంతకం ఎవరిది?"

"నాదే సార్."

బాబాయ్ మాత్రం ఇంకా స్క్రీను వైపే చూస్తున్నాడు. "ఇది ఎవరు తిప్పినా తిరగదా అమ్మా?"

"తిరగదు బాబాయ్. నేనే తిరక్కుండా చేశాను."

ఆయన ఎడమచేతి వేళ్లు చాపి చూసుకున్నాడు.

"నెల్లాళ్లుగా నేర్చుకుంటున్నానే" అన్నాడు మెల్లగా.

నాలుగు తిట్టినా బాగుండునని ఆమె ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు.