కాపీ పూర్తయింది

నేను ఒక హార్డ్‌డిస్క్‌ని. అరచేతిలో పట్టే లోహపు డబ్బాలో అద్దంలా మెరిసే రెండు పళ్లేలు, వాటిని తాకకుండా వాటి మీదే కదిలే ఒక సన్నటి చెయ్యి. ఇదే నా ఒళ్లంతా. సముద్రానికి అవతల ఎక్కడో ఫ్యాక్టరీలో, ముసుగులు వేసుకున్న మనుషులు నన్ను బిగించారు. నిమిషానికి ఏడువేల రెండువందల సార్లు తిరగమన్నారు. తిరిగాను.

నా మొదటి యజమాని అనకాపల్లిలో పెళ్లి వీడియోలు తీసే పప్పల సన్యాసిరావు. మంచివాడే కానీ, దేన్నీ చెరపడానికి చేతులు రావు. ఒకే పెళ్లిని ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’, ‘అసలు ఫైనల్’ అని మూడుసార్లు నాలో దాచేవాడు. పెళ్లివారికి ఇచ్చేది మాత్రం నాలుగోది. నాలో చోటు చాలక పెద్ద డిస్కు కొనుక్కున్నాడు, నన్ను విశాఖపట్నంలో పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో వదిలేశాడు. అక్కడ నన్ను ఏరుకున్నది కాత్యాయని.

పార్వతీపురం నుంచి వచ్చిన ఈవిడ, ద్వారకానగర్‌లో మందుల దుకాణం పైనున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో ఆమెను మెచ్చుకునేవాళ్లు ఎక్కువ, టీకి పిలిచేవాళ్లు తక్కువ. ఆమె నన్ను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో రకం ఫైల్‌సిస్టమ్ పెట్టింది. ఫైళ్లను ఎక్కడ, ఏ వరసలో ఉంచాలో చెప్పే పద్ధతి అది. ఒకదాని పద్ధతి ఇంకోదానికి తెలియదు.

అప్పుడు ఆ కంపెనీ ఒక జానపద భండారానికి పని చేస్తోంది. జముకుల కథలు, తూర్పు భాగవతాలు, నాట్ల పాటలు... నలభై ఏళ్లపాటు ఊరూరా తిరిగి రికార్డు చేసిన ఆరువేల గొంతులు. పాడినవాళ్లలో చాలామంది పోయారు. టేపులు బూజుపట్టి పాడైపోయాయి. మిగిలినవి ఒక పాత సర్వర్‌లో ఉన్న ఫైళ్లే. వాటిని కొత్త సర్వర్‌కి కాపీ చేసి, సోమవారం పాతదాన్ని చెరిపేయాలి.

కాపీ ప్రోగ్రాం రాసినవాడు టీమ్ లీడ్ విద్యాధర్. మామూలుగా ప్రోగ్రాం కొంత చదివి, కొంత రాసి, మళ్లీ చదువుతుంది. ఆయన అలా కాకుండా, ‘ఈ ఫైలును అక్కడికి నువ్వే చేర్చు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడిగే కొత్త సిస్టమ్ కాల్ వాడాడు. పని చిటికెలో అయిపోతోంది.

శుక్రవారం పొద్దున ఆయన కాత్యాయని బల్ల దగ్గరికి వచ్చాడు. “అన్నీ పాసయ్యాయి కదమ్మా, ఇంకేటి?”

“ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల చూశాం సార్. వాళ్ల పాత సర్వర్‌ది ఒక రకం, కొత్తదానిది ఇంకో రకం. ఒకదాన్నుంచి ఇంకోదానికి చూడలేదు.”

“కాపీ అంటే కాపీయే. రకం మారితే పాట మారిపోద్దేటి?”

“పాట మారదు సార్. అసలు చేరిందో లేదో చూస్తాను.”

ఒక ముసలావిడ పాడిన నలభై నిమిషాల జముకుల కథను కాత్యాయని నా మొదటి భాగంలో పెట్టి, అక్కడినుంచి రెండో భాగానికి పంపింది. ‘కాపీ పూర్తయింది’ అని వచ్చింది. మూడో భాగానికి పంపితే అక్కడా అదే మాట. కానీ ఈసారి నా చెయ్యి ఫైలు పేరు రాసి ఆగిపోయింది. పాటలో ఒక్క ముక్క నా దాకా రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఇన్నేళ్లలో నేను అంత నిస్సహాయంగా ఎప్పుడూ తిరగలేదు.

కాత్యాయని తెర మీది మాటను నమ్మలేదు. ఫైలు సైజు చూసింది. సున్నా. తెరిచి వినబోయింది. ఏమీ లేదు. గంటసేపు వెతికితే కారణం దొరికింది. ఆ జతలో సిస్టమ్ కాల్ తప్పు జరిగిందని చెప్పడం లేదు, ‘సున్నా బైట్లు కాపీ చేశాను’ అని ఊరుకుంటోంది. ప్రోగ్రామేమో సున్నా అంటే ఫైలు ముగిసిందనుకుంటోంది.

విద్యాధర్ వచ్చి మూడుసార్లు చేయించి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“కొత్త సర్వర్‌ది ఏ రకం?”

“ఈ మూడో భాగం రకమే సార్. పాతదానిది మొదటి భాగం రకం.”

ఆయన తన ప్రోగ్రాం తెరిచి ఆ చోటు చూశాడు. తర్వాత, “సున్నా వస్తే అయిపోయిందని నేనే రాశానమ్మా,” అన్నాడు.

“సరిచేద్దాం సార్. సున్నా వస్తే పాత పద్ధతిలో చదివి రాసేలా పెట్టండి. రెండు ఫైళ్లూ అక్షరం అక్షరం పోల్చి చూశాకే పూర్తయిందని చెప్పాలి.”

ఆయన అక్కడే ఫోన్ తీసి భండారం వాళ్లతో మాట్లాడాడు. “సోమవారం పాత సర్వర్‌ని ముట్టుకోకండి. తప్పు మాదే.” పెళ్లి పందిళ్లలో చేసిన ప్రమాణాలు నేను వందలకొద్దీ దాచాను. ఈ మాట వినడం మాత్రం అదే మొదలు.

ఆ పైన నాలుగు రోజులు, నాలోని నాలుగు భాగాల మధ్య పన్నెండు రకాల రాకపోకలనూ వందలసార్లు నడిపించారు. వేడెక్కిపోయాను కానీ ఒక్క అక్షరం జారనివ్వలేదు. గురువారం ఆరువేల గొంతులూ కొత్త సర్వర్‌కి చేరాయి. ఆ సాయంత్రం విద్యాధర్ రెండు టీలు తెచ్చి, ఒకటి కాత్యాయని ముందు పెట్టాడు.

రెండేళ్లకు నా చెయ్యి టకటకమని కొట్టుకోవడం మొదలైంది. ఇప్పుడు టీమ్ లీడ్ కాత్యాయనే. నన్ను తుక్కులో పడేయకుండా, పైమూత విప్పి, కొత్తగా చేరేవాళ్లకు చూపించడానికి కిటికీ దగ్గర పెట్టింది. నాలుగింటికి ఎండ నా మీద పడి, ఎదుటి గోడ మీద గుండ్రటి వెలుగు నిలుస్తుంది. టీ తాగేవాళ్లు దాని వంక చూస్తూ, తమ ప్రోగ్రాముల్లో దొర్లిన తప్పుల గురించి దాచకుండా చెప్పుకుంటారు. నేను తిరగకుండా, తాపీగా వింటూ ఉంటాను.