ఎడమ సీటు

జోమార్ట్ పిలవకుండానే వచ్చాడు. స్టాండు కొనడానికి వెళ్తున్నామని సెజిమ్ అతనికి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు. తలుపు తీసేసరికి టోపీ చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఇనుప సామాను కదా వదినా. మీరిద్దరే వెళ్తే ఏదో ఒకటి అంటగడతారు. నేనూ వస్తా."

"నీకు పని లేదా ఇవాళ?"

"ఉంది. రేపు చేసుకుంటా."

సెజిమ్ నా కూతురు, పదకొండో తరగతి. పోయిన శరదృతువులో వాళ్ల నాన్న ఉలార్‌బెక్ ఎవరో వాడి వదిలేసిన ఆట స్టీరింగు ఒకటి కొన్నాడు. దానితోపాటు మూడు పెడళ్లు, విడిగా ఒక గేర్ రాడ్డు. కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీద కారు నడపడానికి. నిజం రోడ్డు ఎక్కే ముందు పిల్లకు చెయ్యి అలవాటు కావాలన్నాడు. స్టీరింగును వంటింటి బల్లకు బిగించుకున్నారు. బ్రేకు తొక్కితే పెడళ్లు జారి గోడకు కొట్టుకునేవి, కింద చక్రాలున్న కుర్చీ వెనక్కి పోయేది. తండ్రీ కూతుళ్లు ఒకటే నవ్వు. వసంతం రాగానే స్టీరింగు, పెడళ్లు, సీటు అన్నీ బిగించుకునే మంచి స్టాండు కొందామన్నాడు.

ఫిబ్రవరిలో నరిన్ నుంచి వస్తూ, కొచ్కోర్ దాటాక, బొగ్గు లారీని దాటబోయి ఎదురుగా వస్తున్న ఇంకో లారీకి గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. పక్క సీటులో ఉన్నది జోమార్ట్. చిన్నప్పటి స్నేహితుడు. అతనికి చెయ్యి విరిగింది.

మా వ్యాను జపాన్ నుంచి వచ్చిన పాత బండి. స్టీరింగు కుడివైపు. మా బిష్కెక్‌లో అలాంటివి సగం, కానీ ఇక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపునే పోవాలి. రోడ్డుకు కుడి అంచున పోతూ కుడి సీటులో కూర్చున్నవాడికి, ముందున్న లారీ వీపు తప్ప ఏమీ కనబడదు. ఎడమ సీటులో ఉన్నవాడు కిటికీ వైపు వంగి చూసి చెప్పాలి. "ఖాళీ" అంటే దాటతారు. "ఆగు" అంటే ఆగుతారు. ఇది ఒకరు నేర్పేది కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తుంటాం.

ఆ రోజు ఆ సీటులో ఉన్న మనిషి ఏం చెప్పాడు? నాకు కావలసింది ఆ ఒక్క మాట. పోలీసులతో గుర్తు లేదన్నాడు. నలభయ్యో రోజు భోజనాలకు వచ్చి, పెరట్లో మాంసం కోస్తూ సాయంత్రం వరకు నా వైపు తల తిప్పలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఉలార్‌బెక్ కోటు నాకు జోమార్ట్ ఆసుపత్రి సంచిలో నుంచి తిరిగి వచ్చింది. అంత చలిలో నా భర్త స్వెట్టరుతో ఉన్నాడు. అతని కోటు ఇతని దగ్గర ఎందుకు ఉంది?

అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. అది నిజమో కాదో తేల్చుకునే దారి నాకు లేదు. అందుకని చూస్తూ ఉన్నాను.

టాక్సీ వచ్చింది. అదీ కుడి స్టీరింగుదే. జోమార్ట్ వెనక తలుపు తీసుకుని, నా పక్కన మోకాళ్లు గడ్డానికి ఆనేలా ఇరుక్కున్నాడు.

"అదేంటన్నా, అంత మనిషివి వెనక మడతపడ్డావు? ముందుకు రా," అన్నాడు డ్రైవరు. "నాకు లారీలు ఎవరు చూసిపెడతారు?"

"ఇక్కడ బానే ఉంది. పోనీ."

"బానే ఏముంది, అక్క నలిగిపోతోంది."

"నేను కూర్చుంటాలే," అని సెజిమ్ ముందు ఎక్కింది. ఊరు దాటేలోపు రెండుసార్లు వంగి చూసి "ఖాళీ" అంది. ఆ మాట వినబడిన ప్రతిసారీ జోమార్ట్ చేతిలో టోపీ నలిగింది. నేను కిటికీలోకి చూస్తున్నట్టు కూర్చుని దాన్నే గమనించాను.

స్టాండ్లు చేసి అమ్మే ఇల్యార్ షెడ్డు దొర్దోయ్ బజారు అవతల, పాత కార్లు విప్పి అమ్మే వరసలో ఉంది. గోడకు జపాన్ కార్ల సీట్లు జంటలు జంటలుగా ఆనించి ఉన్నాయి. మధ్యలో మూడు రకాల స్టాండ్లు. ఇల్యార్ మాంసం కూరిన సంసా తింటూనే మొదటిదాన్ని కాలితో తట్టాడు.

"ఇది మడతపెట్టేది. మంచం కిందకి తోసేయొచ్చు. కానీ అబద్ధం చెప్పనక్కా, గట్టిగా బ్రేకు కొడితే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది."

"మరి ఎందుకు అమ్ముతున్నావు?"

"కొనేవాళ్లున్నారు కదా!" అని నవ్వి రెండోదాని దగ్గరకు వెళ్లాడు. "ఇది చదరపు ఇనుప గొట్టం, అన్నీ వెల్డింగే. మా మామగారి లాంటిది, కూర్చున్నచోటి నుంచి లేవదు. కాకపోతే సీటు ముందుకూ వెనక్కీ జరగదు, గేరు పలక కుడివైపే. మూడోది అల్యూమినియం. పొడుగునా గాడి ఉంది చూడు, ఏ పలకైనా ఎక్కడికంటే అక్కడికి జరిపి బోల్టు బిగించుకోవచ్చు. సరే, గేరు ఏ వైపు కావాలి?"

"ఎడమ," అంది సెజిమ్.

"కుడి," అన్నాడు జోమార్ట్.

ఇద్దరి మాటా ఒకేసారి వచ్చింది. ఇల్యార్ నమలడం ఆపాడు.

"నడిపేది ఎవరు?"

"నేనే," అంది సెజిమ్. "నాన్న ఎడమ చేత్తో గేరు వేయడమే నేర్పాడు. బాబాయ్, నీకు తెలుసు కదా?"

"ఇనుపది తీసుకోండి. గట్టిగా ఉంది," అన్నాడు జోమార్ట్, నాతో.

"మూడోది కూడా గట్టిగానే ఉంది కదా?"

"అది వెడల్పు. మీ గదిలో పట్టదు."

"కొలుచుకునే వచ్చాను. పడుతుంది."

"ఎలాగూ కుడి స్టీరింగు బళ్లు ఆపేస్తారంటున్నారు వదినా. పిల్ల మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ?"

హోంవర్కు చేయని పిల్లలు ఇలాగే చెప్తారు. ఒక కారణం నిలబడకపోతే జేబులో నుంచి ఇంకొకటి తీస్తారు. బడిలో పాఠాలు చెప్పే నాకు ఇరవై ఏళ్లుగా అలవాటే. ఇల్యార్‌కూ ఇతనికీ లోపాయికారీగా ఏమైనా ఉందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఇల్యార్ ముఖం చూస్తే అతనికే అయోమయంగా ఉంది.

సెజిమ్ అల్యూమినియం స్టాండు మీద కూర్చుని బ్రేకు తొక్కింది. ఫ్రేము కదల్లేదు. ఇంకా బలంగా తొక్కింది. ఆ మొహంలో నవ్వు చూసి చాలా రోజులైంది.

"అన్నా, దీనికి పక్కన ఇంకో సీటు పెట్టొచ్చా? ఎడమ వైపు?"

"ఎందుకు పెట్టకూడదు? ఈ సీట్లు ఎలాగూ జంటగానే వస్తాయి. రెండు అడ్డబద్దలు వేస్తే చాలు." ఇల్యార్ ఒక సీటు ఈడ్చుకొచ్చి సెజిమ్ ఎడమ పక్కన ఆనించాడు. "అన్నా, ఒక్కసారి కూర్చో. నీకు పట్టిందంటే ఎవరికైనా పడుతుంది. వెడల్పు చూసుకుంటా."

జోమార్ట్ కదల్లేదు.

"నిన్నే అన్నా. కరవదు."

"రా బాబాయ్, ఒక్క నిమిషం," అని సెజిమ్ ఆ సీటు మీద అరచేత్తో తట్టింది.

జోమార్ట్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేనూ వెళ్లాను. విప్పేసిన కారు తలుపుల గుట్ట వెనక, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అప్పుడు అడిగాను. ఇన్ని నెలలు మనసులో సిద్ధం చేసుకున్న వాక్యం, బయటికి వచ్చేసరికి చాలా చిన్నదైపోయింది.

"ఆ రోజు నువ్వు అతనితో ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు."

"ఖాళీ అన్నావా?"

"అనలేదు వదినా." ఇటు తిరిగాడు. "నిద్రపోయాను."

ఆ సీటులో కూర్చున్నవాడు నిద్రపోడు. ముసలివాళ్లు కూడా పోరు. మా నాన్న జ్వరంతో వస్తూ కూడా కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు.

"కొచ్కోర్‌లో లగ్‌మన్ నూడుల్స్ తిన్నాం. బండిలో వెచ్చగా ఉంది. ఒక్క క్షణం కళ్లు మూశా అనుకున్నా. లేచేసరికి గాజు పెంకులు. అతను నన్ను అడిగాడో లేదో కూడా నాకు తెలీదు. అడిగాడేమో, నేను వినలేదేమో. రోజూ అదే."

నమ్మాలా? "ఖాళీ అన్నాను" అని ఒప్పుకోవడం కంటే నిద్రపోయానని చెప్పడం తేలికే కదా. పోలీసులకు ఒక మాట చెప్పినవాడు నాకు ఇంకో మాట చెప్పలేడా? అతని ముఖాన్ని చూశాను. అక్కడ నాకు ఏమీ దొరకలేదు.

"అతని కోటు నీ దగ్గర ఎందుకుంది?"

ఈ ప్రశ్న అతను ఊహించలేదు. కాసేపు అర్థం కానట్టు చూశాడు.

"నా మీద ఉంది వదినా. మెడ దాకా. ఆసుపత్రి వాళ్లు అది నాదే అనుకున్నారు. నేను అడగలేదు, కప్పుకోనూ లేదు. నిద్రపోయేటప్పుడు అది వెనక సీటులో ఉంది."

షెడ్డులో ఇల్యార్ ఏదో కోస్తున్నాడు.

ఉలార్‌బెక్ అంతే. సోఫాలో ఎవరు కునుకు తీసినా, దేన్నో ఒకదాన్ని తెచ్చి మెడ దాకా కప్పేవాడు. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేను బల్ల మీద తల వాల్చితే ఆ కోటే కప్పేవాడు. అతని పక్కన ఎన్నోసార్లు అలా మేల్కొన్నాను. జోమార్ట్‌కు ఈ సంగతి కల్పించడం చేతకాదు. అతను నిద్రపోతున్నాడని నా భర్తకు తెలుసు. తెలిసే కప్పాడు. ఇక లేపి అడిగి ఉండడు.

ఆ బండిలో ఎవరూ ఏ మాటా అనలేదు. ఇన్ని నెలలూ నేను వెతికిన మాట అసలు లేదు.

"అతను నిన్ను అడగలేదు," అన్నాను. "అతని సంగతి నాకు తెలుసు. అడగలేదు."

జోమార్ట్ టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లి ఇల్యార్‌తో అల్యూమినియందే తీసుకుంటామని చెప్పాను. గేరు ఎడమ. సీట్లు రెండు.

ఆదివారం జోమార్ట్ వచ్చి బిగించాడు. స్టాండు గదిలో పట్టింది, కిటికీ వరకు వచ్చింది. పెడళ్ల పలక కింద మందపాటి ఉన్ని నమదా ముక్క వేశాడు, కింది ఇంటివాళ్లకు చప్పుడు వినబడకుండా. బోల్టులన్నీ ఒకసారి బిగించి, మళ్లీ మొదటి నుంచి బిగించాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. సెజిమ్ కుడి సీటులో కూర్చుంది. నేను చిన్న గిన్నెలో టీ పోసి, దాన్ని అతని చేతికి ఇవ్వకుండా ఎడమ సీటు పక్కన కిటికీ గట్టు మీద పెట్టాను.

కూర్చున్నాడు.

తెర మీద కొండ రోడ్డు. సెజిమ్ ఎడమ చేత్తో గేరు మార్చింది. కొంత దూరం పోయాక ఒక లారీ అడ్డం వచ్చింది, తెరంతా దాని వీపే. సెజిమ్ కళ్లు రోడ్డు మీదనుంచి తిప్పకుండా, వాళ్ల నాన్న అడిగినట్టే అడిగింది.

"బాబాయ్, ఖాళీయేనా?"

ఒకటే తెర. పిల్లకు కనబడేదే అతనికీ కనబడుతుంది. అయినా అతను ఎడమ పక్కకు వంగాడు. మెడ చాచి, కళ్లు చిట్లించి, చాలాసేపు చూశాడు. నేను అతని నోటినే చూస్తున్నాను.

"ఆగు," అన్నాడు.

సెజిమ్ వేగం తగ్గించింది. లారీ మా ముందు నెమ్మదిగా పోతూ ఉంది. టీ చల్లారింది. దాని వెనకే చాలాసేపు వెళ్లాం.