ఆరింటి దాకా

మొక్కజొన్న పిండితో న్షిమా వండిన గిన్నె అడుగున అంటుకుపోయిన మాడును గరిటెతో గీకుతుంటే గోడ అవతల షాపులోంచి కేక వినిపించింది.

"బానా సంపా! నెట్ పోయింది. ఆ డబ్బా సంగతి చూడు!"

బానా సంపా అంటే సంపా వాళ్ళమ్మ, అంటే తనే. కసొండె చేతులు నడుముకున్న చితెంగె గుడ్డకు తుడుచుకుని లేచింది. ఫ్రిజ్ మీదున్న తెల్ల రూటర్ వైరు పీకి, మనసులో పది లెక్కపెట్టి మళ్ళీ గుచ్చింది. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. "ఆఁ, వచ్చింది!" అని షాపులోంచి ఇంకో కేక. అది ఆమెకోసం కాదు, కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళ కోసం. ఆమె వెళ్ళి మళ్ళీ గిన్నె ముందు కూర్చుంది. పొద్దుట్నుంచి ఇది అయిదోసారి.

రాగి గనుల ఊరు కిట్వేలో వాళ్ళ వీధివాళ్ళందరికీ ఆ షాపు తెలుసు. ఇంటి ముందు వసారాకి గోడ కట్టి ఆమె మొగుడు చిషింబా తెరిచిన షాపు అది. జిరాక్సులు, ఫొటోలు, కాలేజీ దరఖాస్తులు, గనుల్లో ఉద్యోగాలకు బయోడేటాలు. కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళను నవ్వించి, చర్చి కబుర్లు చెప్పేది చిషింబా. ఆ బయోడేటాలు టైపు చేసేదీ, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగేదీ, తప్పుల తడకగా నింపిన దరఖాస్తులను సరిచేసేదీ లోపల వంటింటి బల్ల మీద కసొండె. ఎవరైనా అడిగితే "మా ఆవిడా? ఆవిడకేం, హాయిగా ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. అబద్ధం చెప్తున్నానని అతనికి అనిపించదు. ఆ మాట విన్నప్పుడల్లా కసొండెకి తను నిజంగా ఏమీ చెయ్యడం లేదేమో అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది. అదే ఆమెకు అన్నిటికన్నా భయం. ఒకప్పుడు గని ఆసుపత్రి రికార్డుల గదిలో ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేసింది. ఆ విభాగం మూసేశాక ఇంటికొచ్చింది. "పోనీలే, అలిసిపోయావు, ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు అప్పుడు చిషింబా. ఆ విశ్రాంతి మొదలై తొమ్మిదేళ్ళయింది.

కిందటేడు దూరవిద్యలో రికార్డుల నిర్వహణ డిప్లొమాలో చేరింది. అది చేతికొస్తే ఎన్డోలా ఆసుపత్రిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని పాత స్నేహితురాలు చెప్పింది. క్లాసులు వారానికి మూడు రోజులు, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా. సరిగ్గా ఆ వేళకే షాపులో కుర్రకారు చేరి సినిమాలు దించుకునేవాళ్ళు. తెరమీద మేష్టారు నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయేవాడు.

"కొత్త రూటర్ కొనాలండీ" అంది ఓ రోజు. "ఇల్లూ షాపూ ఒక్కదాని మీద నడవడం కుదరదు."

"అయితే ఏది మంచిదో చూడు" అన్నాడు చిషింబా. "నీకు ఖాళీయే కదా."

మూడు వారాలు చూసింది. సంపా పాత నోటుపుస్తకంలో వెనకవైపు పేజీలకు నిలువు గీతలు కొట్టి ఒక పక్క ఇంటి రూటర్లు, ఒక పక్క చిన్న వ్యాపారాలకు వాడే రూటర్లు రాసుకుంది. ఇంటివి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కొమ్ములు మొలిచిన పురుగుల్లా. పెట్టగానే పనిచేస్తాయి. ఎనిమిదో పదో ఫోన్ల దాకా మోస్తాయి. ఆ తర్వాత ఆయాసపడతాయి. అందరూ ఒకే తలుపులోంచి రావాలి, ఒకే గదిలో కూర్చోవాలి. షాపుకొచ్చిన ఎవడైనా కాస్త తెలిసినవాడైతే ఇంట్లో కంప్యూటర్‌లోకి తొంగిచూడొచ్చు. వ్యాపారానివి అలా కాదు. నల్లటి ఇనప పెట్టె, అందం చందం ఏమీ ఉండదు. కానీ షాపుకో దారి, వచ్చిపోయేవాళ్ళకో దారి, ఇంటికో దారి విడివిడిగా వేస్తుంది. తీగ లైను పడిపోతే తనంతట తానే సిమ్ కార్డు లైను అందుకుంటుంది. ఎవరికి ఎంత వేగం, ఏ పరికరానికి ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, అన్నీ విడివిడిగా చెప్పొచ్చు. ఎవరు ఎక్కడెక్కడ తిరిగారో కూడా చూపిస్తుంది. ఇది రాస్తున్నంతసేపూ కసొండెకి ఏదో హుషారు. చాలా ఏళ్ళ తర్వాత తన బుర్ర తనకోసం పనిచేస్తున్నట్టనిపించింది. ఆ పేజీ చివర "ఎవరికి ఏ వేళ దాకా ఇవ్వాలో మన ఇష్టం" అని రాసి కింద రెండు గీతలు గీసింది. సినిమాలు దించే కుర్రాళ్ళు, రాత్రిదాకా టాబ్లెట్ వదలని సంపా ఆమె మనసులో ఉన్నారు. 'మన' అని రాస్తున్నప్పుడు అందులో తనూ ఉన్నాననే అనుకుంది.

టౌనులో ఆ పెట్టెలమ్మే షాపుకి వెళ్తే నెరిసిన జుట్టాయన ఆమె ప్రశ్నలన్నీ విని, "సార్ రాలేదా అమ్మా?" అన్నాడు. సార్ వచ్చాడు, మర్నాడు. నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి నల్లపెట్టె కొన్నాడు. ఆదివారం చర్చి బయట పాటల బృందం వాళ్ళకి చెప్తుంటే కసొండె వింది. "ఇంటి రూటర్ ఆయాసపడుతుంది బ్రదర్. అందరూ ఒకే తలుపులోంచి రావాలి కదా. నేను మూడు వారాలు పరిశీలించి చూశాను." తన మాటలే, ఒక్క అక్షరం మారలేదు. కోపం రాలేదు. పైగా సిగ్గులేకుండా లోలోపల కాస్త గర్వపడింది.

బిగించడానికి చిషింబా స్నేహితుడు ఇంజినీరు వచ్చాడు. కసొండె టీ ఇచ్చి పక్కనే నిలబడింది. "మెయిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంచమంటావ్?" అన్నాడతను. తెల్లరూటర్ పాస్‌వర్డు ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది. నోరు తెరవబోయింది.

"నా దగ్గర" అన్నాడు చిషింబా. "ఇప్పుడిది వ్యాపారం కదా."

కసామా నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటున్న అత్తగారు కుర్చీలోంచి తలూపింది. "తాళంచెవి మగాడి దగ్గరుంటేనే ఇంటికి మర్యాద."

పది రోజులు క్లాసులు నీళ్ళు పారినట్టు సాగాయి. మేష్టారి నుదుటిమీద మడతలు కూడా కనిపించేవి. పదకొండో రోజు సరిగ్గా ఆరింటికి తెర ఆగిపోయింది. లైను పోయిందనుకుంది. కానీ గోడ అవతల షాపులో నెట్ నడుస్తూనే ఉంది. ఎవరో పాట వింటున్నారు. తర్వాతి క్లాసులోనూ అంతే. ఆరయింది, ఆగిపోయింది.

"మీరొకసారి ఆ రూటర్ పేజీ తెరిచి చూపిస్తారా? ఏదో తేడా ఉంది" అంది.

చిషింబా సంతోషంగా తెరిచాడు. తను నేర్చుకున్నది చూపించాలని అతనికీ ఉంది. "ఇదిగో, షాపు గ్రూపు. ఇది కస్టమర్లది. ఇది పెద్దలది, నా ఫోను, అమ్మ ఫోను." వేలు కిందికి జారింది. "ఇది పిల్లలది."

పిల్లల గ్రూపులో మూడు పేర్లున్నాయి. సంపా టాబ్లెట్. కసొండె ఫోను. కసొండె లాప్‌టాప్. పక్కన వేళలు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరింటి దాకా.

"నా పేరు పిల్లల్లో ఉంది" అంది కసొండె.

"ఓసి పిచ్చిదానా, పేరుదేముంది! నీక్కూడా ఆరింటి దాకానే కదా, మళ్ళీ ఇంకో గ్రూపు ఎందుకని అందులోనే పడేశాను" అని నవ్వాడు. "వంట వేళకి నువ్వు తెరముందు కూర్చుంటున్నావు. అమ్మ చూడు, చల్లారిన న్షిమా తింటోంది. చెప్పి గొడవపడే కంటే ఇదే నయం. అరుపుల్లేవు, కేకల్లేవు."

"నా కోడరికంలో దీపం కూడా ఆరింటికే ఆర్పేవాళ్ళు" అంది అత్తగారు.

"అన్నట్టు" అన్నాడు చిషింబా, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు, "మొన్న మధ్యాహ్నం రెండున్నరకి ఏదో ఉద్యోగాల పేజీ చూశావు. ఎవరికోసం?"

"కస్టమర్ కోసం" అంది కసొండె.

అలా అన్నందుకు ఆ రాత్రంతా తనను తాను తిట్టుకుంది. చిషింబా చెయ్యెత్తే మనిషి కాదు. తాగడు. వీధిలో ఆడవాళ్ళు "నీ మొగుడిలాంటివాడు లక్షకొక్కడు" అంటారు. ఏమని చెప్పుకోవాలి ఎవరికైనా? నన్ను కొట్టాడని కాదు, పిల్లల్లో రాశాడని చెప్తే ఎవరు నవ్వరు? తన తల్లితో చెప్తే "బువ్వ పెడుతున్నాడా లేదా?" అంటుంది. అదీగాక ఆ పెట్టె ఏమేం చెయ్యగలదో వివరంగా, అందమైన అక్షరాలతో, గీతలు గీసి మరీ అతని చేతికిచ్చింది తనే. వేరే ఎవరైనా ఎంచి తెచ్చుంటే కనీసం వాళ్ళను తిట్టుకోవడానికైనా ఉండేది.

చివరి పరీక్ష గురువారం. అయిదున్నర నుంచి ఏడున్నర దాకా, కెమెరా ముందు. వారం ముందే అడిగింది. "ఆ ఒక్కరోజు తెరవండి."

"దానికేం భాగ్యం? ఆ రోజు గుర్తుచెయ్యి" అన్నాడు.

బుధవారం గుర్తుచేసింది. గురువారం పొద్దునా చెప్పింది. మధ్యాహ్నానికే వంట చేసి, న్షిమా ముద్దలు గుడ్డలో చుట్టి, గుమ్మడాకు కూర మూతపెట్టి ఉంచింది. నాలుగింటికి చిషింబా షాపుకి తాళంవేసి పాటల సాధనకని చర్చికి వెళ్ళాడు. "అక్కణ్ణుంచే ఫోన్‌లో తెరిచేస్తాలే" అన్నాడు గేటు దాటుతూ.

అయిదింటికి కరెంటు పోయింది. బ్యాటరీ మీద నల్లపెట్టె చక్కగా నడుస్తోంది. కసొండె పరీక్ష మొదలుపెట్టింది. మొదటి ప్రశ్న, రెండోది, మూడోది. అన్నీ తెలిసినవే. అయిదూ యాభైకి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పాట మధ్యలో ఫోన్ ఎత్తడు, ఆమెకి తెలుసు. సరిగ్గా ఆరింటికి తెర తెల్లబోయింది.

ఫోన్‌లో ఉన్న కొద్దిపాటి డేటా పెట్టి చూసింది. కరెంటు లేక పేటంతా ఒకే టవరు మీద పడింది. చక్రం తిరుగుతూనే ఉంది. నల్లపెట్టె ముందుకెళ్ళి నిలబడింది. వెనకవైపు పిన్నీసు పట్టేంత రంధ్రం ఉంటుంది. అక్కడ పది క్షణాలు నొక్కితే అన్నీ చెరిగిపోతాయి, గ్రూపులూ, వేళలూ, పేర్లూ. దాంతోపాటు లైను తెచ్చే వివరాలూ పోతాయి. అవి ఇప్పుడామెకు తెలియవు. నొక్కితే ఎవరికీ ఉండదు, నొక్కకపోతే ఆమెకొక్కదానికే ఉండదు. చితెంగె కొంగునుంచి పిన్నీసు తీసింది. ఆకుపచ్చ దీపాలు తాపీగా మిణుకుమంటున్నాయి. పక్కన కూర్చున్న అత్తగారి ఫోన్‌లో ఎవరో పాస్టరు ప్రసంగం ఆగకుండా నడుస్తోంది. కాసేపటికి పిన్నీసు మళ్ళీ కొంగుకి గుచ్చుకుంది.

"అత్తయ్యా, మీ ఫోన్ ఒక గంట ఇస్తారా?"

"ప్రార్థన మధ్యలో ఎలా ఇవ్వనే?" అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుంటూ.

చిషింబా ఏడింటికొచ్చాడు. "అయ్యయ్యో, మర్చేపోయాను!" అని నెత్తి కొట్టుకున్నాడు. నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు. "పోనీ, ఒక్క పేపరే కదా. వచ్చే ఏడు రాయొచ్చు. ఆకలేస్తోంది, పెట్టు."

పెట్టింది. అతను కూర బావుందన్నాడు కూడా.

మరో పది రోజులకి, మధ్యాహ్నం, మూడో వీధిలో దర్జీ పని చేసే బానా కటొంగో షాపుకొచ్చింది. ఆవిడ ఇంటి వరండాలో ఆరు కుట్టు మిషన్లు నడుస్తాయి. ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటుంది, ఫొటోలు పంపుతుంది. ఇంటికీ పనికీ కలిపి ఒక రూటర్ కావాలట. చిషింబా ఉత్సాహంగా అందుకున్నాడు. ఆయాసం, ఒకే తలుపు, విడివిడి దారులు, అన్నీ వరసగా చెప్పాడు. ఆవిడ విని, "మరి కరెంటు పోతే నల్లదానికి ఎంత బ్యాటరీ కావాలి నాయనా?" అంది. అది నోటుపుస్తకంలో లేదు.

"బానా సంపా! ఒకసారి ఇటురా!"

కసొండె వచ్చి బ్యాటరీ సంగతి చెప్పింది. మిషన్ల దగ్గరికి సిగ్నల్ అందాలంటే ఎక్కడ బిగించాలో, వచ్చే కస్టమర్లకు వేరే దారి ఎందుకో కూడా చెప్పింది. ఆవిడ కళ్ళు చిట్లించి శ్రద్ధగా వింది.

"సరే, నల్లదే తీసుకుంటాను. పెట్టడం, చూసుకోవడం మా ఆయన చేస్తాడులే. ఎవరెవరు ఎంత వాడుతున్నారో చూడొచ్చంటే ఆయన ఎగిరి గంతేస్తాడు" అని నవ్వింది. చిషింబా కూడా నవ్వాడు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కసొండె లోపలికి వెళ్ళబోయి ఆగింది. పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. "ఎక్కడికి?" అని చిషింబా అడుగుతున్నా వినిపించుకోకుండా గేటు దాటి, ఎర్ర దుమ్ములో పరుగులాంటి నడకతో వెళ్ళి, మలుపు దగ్గర బానా కటొంగోని అందుకుంది.

"అమ్మా, ఆ పెట్టె నేనొచ్చి పెడతాను. డబ్బులేం వద్దు. పాస్‌వర్డు మీచేతే పెట్టిస్తాను. ఎలా చూసుకోవాలో మీకే నేర్పిస్తాను."

"నాకెందుకమ్మా ఆ తలనొప్పి? ఆయనున్నాడు కదా."

కసొండెకి చెప్పడానికి చాలా ఉంది. ఎండలో కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అలాగే నిలబడి, "మీ ఆయన ఇంట్లో లేని వేళ ఏదో చెప్పండి, అప్పుడొస్తాను" అంది.

బానా కటొంగో నవ్వు ఆపేసింది. కసొండె మొహంలోకి చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగి షాపు వైపు ఒక్కసారి చూసి, గొంతు తగ్గించింది.

"మంగళవారం. పదింటికి."