పెద్దవాడి కత్తి

సిప్రియాన్ ఒక మడత కత్తికి నూనె రాసి, మూసి, మళ్ళీ తెరిచాడు. టక్. నచ్చక ఇంకోటి అందుకున్నాడు. ఇంకా తెల్లారలేదు. జీవితమంతా పాల సొసైటీ లారీ తోలిన మనిషికి ఈ వేళకే మెలకువ వచ్చేస్తుంది. రిటైరయ్యామని ఎంత చెప్పినా ఆ పాడు ఒళ్ళు వింటేగా! మొదట్లో లేచి ఊరంతా తిరిగేవాడు. కుక్కలు మొరిగితే సిగ్గేసి ఇంటికొచ్చేసేవాడు. ఆ తర్వాత పట్టుకుంది ఈ మడత కత్తుల పిచ్చి.

ఓబ్రాక్ కొండల్లో ఏ సంత జరిగినా వెళ్ళేవాడు. కొమ్ము పిడివి, చెక్క పిడివి, సీసా బిరడా తీసే మర ఉన్నవి, ఏది దొరికితే అది తెచ్చేవాడు. చొక్కాల సొరుగు కూడా కత్తులకే ఇచ్చేశాడు. పెళ్ళాం పోయాక అడిగేవాళ్ళెవరు? నిజం చెప్పుకోవాలంటే అతను వెతికేది ఒక్కటే, నాన్న కత్తి లాంటిది. అసలుది అన్న గస్పార్ దగ్గరుంది. పొలం, ఆవులు, భోజనాల బల్ల దగ్గర పెద్ద కుర్చీ, వాటితోపాటు కత్తీ పెద్దవాడికే పోయింది.

ఆ ఇంట్లో భోజనానికి ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకుంటారు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు కత్తి మూశాడంటే భోజనం అయిపోయినట్టే. నోట్లో ముద్ద ఉన్నా అందరూ లేవాల్సిందే. అంతకుముందు ఎవరూ లేవకూడదు. ఒక ఈస్టర్ భోజనంలో గస్పార్ పాత ఆవు కథే మళ్ళీ చెబుతుంటే, కూర్చోలేక, సిప్రియాన్ తన కత్తి టక్కున మూసి లేచాడు. బంధువులంతా చూస్తుండగా.

"నేనింకా చావలేదురా," అన్నాడు గస్పార్.

ఆ మాటతో సిప్రియాన్ ఆ గడప తొక్కడం మానేశాడు. తప్పు తనదేనని తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

నిన్న వదిన లియోని ఫోన్ చేసింది. "మీ అన్నకి గుండె బాగోలేదు మరిదీ. డాక్టరు పెదవి విరిచాడు. రేపు భోజనానికి రా. పిలవమన్నది ఆయనే. ఆ సంగతి నీకు చెప్పొద్దన్నాడు."

ఇవాళ ఏమైనా సరే అన్నకంటే ముందు లేవకూడదు. సిప్రియాన్ అనుకున్నది అంతే. కానీ అంతసేపు కూర్చోగలనా అని రాత్రంతా భయం.

మధ్యాహ్నం బల్ల ముందు కూర్చుని, పళ్ళెం పక్కన తన కత్తి పెట్టాడు. గస్పార్ బాగా చిక్కిపోయాడు. చెయ్యి చాచి ఆ కత్తి తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు.

"నాన్నది చేసిన కొలిమిదే. ఎక్కడ కొట్టేశావురా?"

"కొన్నాను."

"పిడి బీటలిచ్చింది. నీ మొహం చూసి అంటగట్టారు."

ఇన్నేళ్ళ తర్వాత అన్న తిట్టిన తిట్టు అది. సిప్రియాన్ నవ్వుతూ కత్తి వెనక్కి తీసుకున్నాడు.

లియోని సాసేజ్ వడ్డించింది. ఆలుగడ్డలూ చీజూ కలిపి గిలక్కొట్టిన అలిగో, గరిటెతో ఎత్తితే తీగలుగా సాగుతోంది. చివరికి చీజ్ ముక్క వచ్చింది. గస్పార్ నాన్న కత్తితో దాన్ని పల్చగా, నిదానంగా కోసుకుంటున్నాడు. బల్ల కింద సిప్రియాన్ మోకాళ్ళు ఊగుతున్నాయి.

"ఏరా, కాళ్ళ కింద నిప్పులున్నాయా? లారీ కూడా లేదుగా, ఇంకెక్కడికి?"

"ఎక్కడికీ లేదన్నయ్యా." అన్నాక అదే నిజమని తెలిసింది. "ఆ రోజు తప్పు నాదే."

"తెలుసులే. చీజ్ తిను."

గస్పార్ కత్తి పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. భోజనం మధ్యలో కునుకు తీయడం అతనికి పాత అలవాటే. సిప్రియాన్ కదలలేదు. వేళ్ళు తన కత్తి దాకా వెళ్ళి వెనక్కొచ్చాయి. కిటికీలోంచి పడుతున్న ఎండ బల్ల దిగి నేల మీదికి జారింది. పళ్ళేలు తీయడానికొచ్చిన లియోని భర్త భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మరిదీ," అంది.

డాక్టరు వచ్చి వెళ్ళాడు. గస్పార్‌ని లోపలి మంచం మీద పడుకోబెట్టారు. ఏడ్చి ఏడ్చి లియోని వంటగదిలోకి వచ్చేసరికి సిప్రియాన్ మళ్ళీ తన చోటే కూర్చుని ఉన్నాడు.

"బల్ల సర్దాలి. ఇక పెద్దవాడివి నువ్వే కదా. ఆ కత్తి మూసెయ్యి."

సిప్రియాన్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మోకాళ్ళు ఊగడం లేదు.

"అన్నయ్య ఇంకా మూయలేదు వదినా. కాసేపు కూర్చుంటాను."

సగం కోసిన చీజ్ పక్కన, అంచుకి తెల్లటి పొర అంటుకుని, నాన్న కత్తి తెరిచే ఉంది.