గేటు మనిషి నిద్ర

లారీ లోపలికి వెళ్ళగానే గొలుసు బిగించి, తాళం గట్టిగా లాగి చూసి, వాచ్‌మన్ మళ్ళీ స్టూలు పక్కనే నిలబడ్డాడు. కూర్చుంటే కునుకు పడుతుందని భయం. గిడ్డంగిలో అందరూ ఆయన్ని గుడ్లగూబ అంటారు. ఎర్రగా ఉబ్బిన కళ్ళు, ముందుకు వాలిన మెడ, రెప్ప వెయ్యని చూపు. పేరు బాగానే అతికింది.

కళ్ళు మూతపడడమంటే ఆయనకి హడల్. బైబిల్లోని నాలుగు సువార్తల్లో అన్నిటికన్నా పొట్టిదాంట్లో, లోకాంతం గురించి చెప్పే చోట, దూరం వెళ్తున్న యజమాని ద్వారపాలకుణ్ణి మెలకువగా ఉండమంటాడు. ఆ యజమానంటే ప్రభువే, ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. రాసినాయన తనలాంటి గేటు మనిషినే ఏరి మరీ హెచ్చరించాడని ఈయన నమ్మకం. అది చదివిన నాటి నుంచి మంచం ఎక్కలేదు. గోడకానుకుని కునికిపాట్లు, ఉలిక్కిపడి లేవడం, గుండె దడ. ఎక్కడో యుద్ధమని రేడియో చెబితే, అంతం వచ్చేసిందని ఆ పూట ముద్ద దిగదు. ఇలాగే ఉంటే గుండె ఆగుతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. చావుకన్నా నిద్రలో దొరికిపోవడమే ఆయనకి భయం.

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, చర్చిలో పాఠాలు చెప్పే బావమరిది కూర్చుని ఉన్నాడు. భార్యే పిలిపించింది.

"బావా, ఆ సువార్త రాసింది అప్పటికే హడలిపోయి ఉన్నవాళ్ళ కోసం. అంతం దగ్గర్లోనే ఉందని రాసినాయనా అనుకున్నాడు. కానీ యుద్ధమని వినగానే బెదిరిపోవద్దన్నాడు. ఆ గడియ దేవుని కుమారుడికి కూడా తెలియదన్నాడు. నువ్వు కాపలా కాసి పట్టుకుంటావా?"

"మరి నిద్రలో ఉండగా వస్తే?"

"ఆ తర్వాతి పేజీ తిప్పావా? ప్రభువు మెలకువగా ఉండమన్న ముగ్గురు శిష్యులూ తోటలో నిద్రపోయారు. మూడుసార్లూ చూశాడు. ఒక్కణ్ణయినా వెళ్ళగొట్టాడా? లేవండి, వెళ్దాం అన్నాడు. అదీ ఆ సువార్త రాసినాయనే రాశాడు."

"వాళ్ళనే అన్నాడా?"

"వాళ్ళనే."

ఆయన భార్యతో, "కాసేపు నడుం వాలుస్తా. ఎవరైనా వస్తే లేపు," అన్నాడు.

"ఈ వేళప్పుడు ఎవరొస్తారండీ," అంటూ ఆమె దుప్పటి కప్పింది. లోపల్నుంచి గురక మొదలయ్యాక అక్కాతమ్ముళ్ళిద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు.

సాయంత్రం టీ పట్టుకెళ్ళి ఆమె లేపితే ఆయన లేవలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది.

ఏడ్చి ఏడ్చి తలెత్తినప్పుడు, కిటికీ గట్టు మీద ఆమెకి ఓ గులకరాయి కనిపించింది. నిద్ర ముంచుకొస్తే గుచ్చుకోవాలని, ఆమె ఎంత పోరినా వినకుండా ఆయన ఏళ్ళ తరబడి బూటులో వేసుకు తిరిగిన రాయి, అరికాలి కింద నలిగి నలిగి నున్నబడి, పడుకునే ముందు ఆయన తీసి పెట్టిన చోటే ఉంది.